చక్కెర ముద్ద – గునుగు రంగు

మా అమ్మ ఏ తారీఖున పుట్టిందో చెప్పే కాగితం ఏదీ లేదు. ఆధార్ కార్డులో మాత్రం జనవరి ఒకటి అని వున్నది. ఆ కార్డుల లెక్కన చూస్తే ఆ తరం వాళ్లు సగం మంది కొత్త సంవత్సరం నాడే పుట్టి వుండాలి! "పెత్రమాస తెల్లారి పుట్టిన్నే నేను. ఎంగిలిపూల బతుకమ్మ ఆడొచ్చినంక మా అమ్మకు నొప్పులు లేసినయంట" అని అమ్మ చెప్పే మాట ఒక్కటే మాకు ప్రమాణం. 2025లో పెత్రమాస సెప్టెంబరు 21న వచ్చింది. మరునాటికి, అంటే అటుకుల బతుకమ్మ నాటికి, అమ్మకు డెబ్బై అయిదు నిండుతాయని లెక్క వేసుకున్నాం.

"ఈసారి అమ్మమ్మకు బేకరీ కేకు వద్దు. మనమే చేద్దాం. పైన ఫాండెంటు పూలు పెడదాం" అన్నది మా అమ్మాయి.

నిజం చెప్పొద్దూ, నాకు ఆ మాటే కొత్త. ఇరవై ఏళ్లుగా కాలేజీలో తెలుగు చెబుతున్నాను. ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం గురించి గంటల తరబడి మాట్లాడగలను గాని, పొయ్యి మీద ఉండపాకం ఎప్పుడు వస్తుందో ఇప్పటికీ అనుమానమే. అటువంటి దాన్ని ఇవాళ ఫాండెంటు గురించి రాయడానికి పూనుకున్నానంటే, రెండు వారాలపాటు చేతులు కాల్చుకుని నేర్చుకున్నది మీకు చెబితే మీరైనా కాల్చుకోకుండా వుంటారని.

ఫాండెంటు అన్నది ఫ్రెంచి మాట. 'కరిగేది' అని అర్థం. అసలు ఫాండెంటు పాకమే. చక్కెరను ఉండపాకం వచ్చేదాకా కాచి, చల్లార్చి, గరిటెతో బాగా మర్దిస్తే, కంటికి కనపడనంత చిన్న పలుకులు కట్టి తెల్లని వెన్నలాగా తయారవుతుంది. చాక్లెట్ల మధ్య పెట్టేది అదే. కేకు మీద దుప్పటిలాగా పరిచేది మరొక రకం. మెత్తని చక్కెర పొడిలో గ్లూకోజు పాకం, గ్లిజరిన్, కాస్త కొవ్వు, సాగే గుణం కోసం బంకో జెలటినో కలిపి చపాతీ పిండి మాదిరిగా చేస్తారు. దీన్నే ఇప్పుడు పొట్లాల్లో తయారుగా అమ్ముతున్నారు.

ఒక శనివారం కాలేజీ కాగానే నేనూ అమ్మాయీ బేగంబజారు వెళ్లాం. అక్కడ పెళ్లి వంటల గంగాళాలు మొదలుకొని కేకు మీద గుచ్చే ముత్యాల దాకా దొరకనిది లేదు. ఆ ఇరుకు సందులో, ఆ రద్దీలో, కొట్టువాడు చేతికిచ్చిన తెల్ల పొట్లం కిలోది ఒకటి పుచ్చుకుని వచ్చేశాను. చేసిన మొదటి తప్పు అదే.

ఆ రాత్రే దేవరయాంజాల్ చేరాం. అమ్మ అక్కడే వుంటుంది. తూంకుంట పక్కనే అయినా, నగరం ఎంత దగ్గరికి వచ్చి కూర్చున్నా, మా వాకిలికి మాత్రం ఇంకా సీతారామస్వామి గుడి వున్న పల్లెటూరి వాకిలి పోలికే. పైనుంచి హకీంపేట విమానాలు రొద చేస్తూ పోతుంటాయి. అమ్మ రెండు కళ్లకూ శుక్లాలు. పండుగ వెళ్లాక ఆపరేషను చేద్దామని డాక్టరు గారు అన్నారు.

పొట్లం విప్పబోతూ మా అమ్మాయి, వెనుక వున్న చిన్న అక్షరాలు చదివి, "అమ్మా, ఇందులో జెలటిన్ వుంది" అన్నది. చూద్దును గదా, మూలన మట్టిరంగు గడిలో మట్టిరంగు త్రికోణం! మాంసాహారపు గుర్తు. జెలటిన్ పశువుల చర్మాల నుంచీ ఎముకల నుంచీ తీస్తారు. నాన్న పోయిన నాటి నుంచి అమ్మ నీసు ముట్టదు. కోడిగుడ్డు కలిసిన బిస్కెట్టు కూడా నోట పెట్టదు.

"అమ్మమ్మకు చెప్పకపోతే ఏమవుతుంది? తనకు కనపడదు కదా" అన్నది పిల్ల. చెడ్డ పిల్ల కాదు. ఏడు వందల రూపాయల పొట్లం వృథా అయిపోతోందని దాని బాధ.

నేను జవాబు చెప్పలేదు. గోడ అవతల అమ్మ, మందు బిళ్లల పొట్లాలు తడిమి చూసుకుంటూ, "బిడ్డా, పొద్దటిది ఇదేనా?" అని అడుగుతున్నది. లేచి వెళ్లి పొద్దటి బిళ్ల చేతిలో పెట్టాను. అమ్మ చూడకుండానే డబ్బాలో వేసుకుంది.

ఆ పొట్లాన్ని మేము చెయ్యి తిప్పుకోవడానికి వుంచేసి, ఆకుపచ్చ గడిలో ఆకుపచ్చ చుక్క వున్న పొట్లం మళ్లీ వెళ్లి తెచ్చాం. అందులో జెలటిన్‌కు బదులు చెట్ల బంకలు వుంటాయి. కాబట్టి పాఠకులకు మొదటి మనవి: ధర చూడకముందు గుర్తు చూడండి. రంగుల సీసాల మీద కూడా చూడండి. కార్మిన్ అనే ఎరుపు ఒకటి వున్నది. దాన్ని నాగజెముడు జాతి చెట్ల మీద బతికే పురుగుల నుంచి తీస్తారు. 120 అనే అంకె వేసి ఊరుకుంటారు గనుక చాలామందికి తెలియదు.

పొట్లం ఎంచుకోవడంలో మరికొన్ని సంగతులు. పైనుంచి నొక్కి చూస్తే చపాతీ పిండి మాదిరి లొంగాలి. రాయిలా వుంటే పాతబడిందని గుర్తు. ఎనిమిది అంగుళాల గుండ్రని కేకు నాలుగు అంగుళాల ఎత్తు వుంటే, దాన్ని కప్పడానికి సుమారు 800 గ్రాములు పడుతుంది. పూలకు వేరే తీసుకోవాలి. తెల్లదే కొని అన్ని రంగులూ మనమే కలుపుకోవచ్చునన్నది సగం నిజం. లేత రంగులకు తెల్లదే కొనాలి. ముదురు ఎరుపు, నలుపు మాత్రం కలిపి వున్నదే కొనడం మేలు. తెల్లని ముద్దను ఎర్రగా చెయ్యాలని ఎంత రంగు పోసినా గులాబీ దగ్గరే ఆగుతుంది. ఇంకా పోస్తే ముద్ద జిగటగా మారి చేదెక్కుతుంది.

ఇక రంగుల మాట. మా ఇంట్లో కేసరికి వాడే మిఠాయి రంగు పొడి వుంటే అదే కలిపి చూశాను. ముద్ద నిండా మశూచి పోసినట్లు నారింజ చుక్కలు! పొడి కరగడానికి ముద్దలో నీరు చాలదు. పోనీ నీళ్లలో కలిపి పోద్దామంటే, ఆ నీళ్లకు చక్కెర కరిగి ముద్ద వేళ్లకు అంటుకున్నది. బీటురూటు రసం పోసినా అదే గతి. దీనికి తగినది జెల్ రంగు. తేనె మాదిరి చిక్కగా చిన్న సీసాల్లో వస్తుంది. అందులో రంగు ఎక్కువ, తడి తక్కువ.

మన దేశంలో తినే వస్తువులలో కలపడానికి అనుమతి వున్న కృత్రిమ రంగులు ఎనిమిదే: ఎరుపులు మూడు, పసుపులు రెండు, నీలాలు రెండు, ఆకుపచ్చ ఒకటి. సీసా మీద లైసెన్సు నంబరూ, రంగు పేరూ లేకపోతే ఎంత చవకైనా వదిలెయ్యండి. బట్టలకు వేసే రోడమిన్-బి అనే రంగు కలుస్తున్నదని 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం పీచు మిఠాయినే నిషేధించవలసి వచ్చింది. కళ్లు చెదిరే గులాబీ రంగు కనపడితే పిల్లలు ఆగరు, పెద్దలమే ఆగాలి.

ఆదివారం పొద్దున పరీక్ష పెట్టుకున్నాం. బేకరీ నుంచి ఒక క్రీము కేకు తెచ్చి, జెలటిన్ ముద్దతో కప్పాం. ఇరుగుపొరుగు పిల్లలకు పంచుదామని వుద్దేశం. మా అమ్మాయి ఎంచుకున్నది లేత ఊదా రంగు. ఇప్పుడు అదే నాగరికమట. ఒక బొట్టు నీలం, ఒక బొట్టు గులాబీ కలిపి ఇరవై పూలు చేసింది. నిజంగా ముచ్చటగానే వున్నాయి. తెల్లని కేకు మీద వరసగా అమర్చి, "అమ్మమ్మా, ఎట్లున్నయి?" అని ముందుకు జరిపింది.

అమ్మ మొహం దగ్గరగా పెట్టి చూసింది. "మంచిగున్నది బిడ్డా. ఉత్త తెల్లగ, మల్లెపువ్వు లెక్క" అన్నది.

పిల్ల నా మొహం చూసింది. ఇరవై పూలలో ఒక్కటీ అమ్మకు కనపడలేదు!

శుక్లం పట్టిన కంటిలోని కటకం పసుపు పచ్చగా, తరువాత గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆ పసుపు తెర నీలపు వెలుగును లోపలికి రానివ్వదు. నీలమూ, ఊదా మాసిపోతాయి. లేత రంగులు తెలుపులో కలిసిపోతాయి. ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు క్లాడ్ మోనేకు ఇదే జబ్బు. 1923లో ఆపరేషను అయ్యేదాకా ఆయన వేసిన బొమ్మలు ఎర్రగా, మట్టిరంగుగా వుండేవి. ఇదంతా నాకు పుస్తకాలలో తెలుసు. మా అమ్మ కంటితో కలిపి ఎప్పుడూ ఆలోచించలేదు.

చాలనట్లు, మధ్యాహ్నానికల్లా ఆ కేకు కూడా కూలింది. బేకరీ క్రీములోని తడికి పైన వున్న చక్కెర కరిగి, దుప్పటి జారి, అడుగున చెమట పట్టింది. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే ఇంకా అన్యాయం. చల్లని చెంబుకు పట్టినట్లు నీటి బొట్లు పట్టాయి. మన వానకాలపు తేమలో ఫాండెంటు కేకును ఫ్రిజ్‌లో పెట్టడమే పొరపాటు. అడుగున నురగ క్రీముకు బదులు వెన్న, చక్కెర కలిపిన పూత గాని, చాక్లెటు పూత గాని వుండాలి. ముదురు చాక్లెటు రెండు పాళ్లు, క్రీము ఒక పాలు తూకం వేసి వేడిగా కలిపి ఆరబెడితే, అది గట్టిపడి గోడలాగా నిలబడుతుంది.

పూలను డబ్బాలో వేసి విసుగ్గా కూర్చున్నాం. అమ్మ అడిగింది: "ఏమయింది? రంగు ఎక్కలేదా?"

"ఎక్కింది గాని నీకు కనపడ్తలేదు అమ్మమ్మా" అన్నది పిల్ల ఉన్నమాట.

"గునుగు పువ్వుకు అద్దినట్లు అద్దరాదు మరి?"

తెలంగాణలో పుట్టినవారికి గునుగు గురించి చెప్పనక్కర్లేదు. మిగతావారి కోసం చెబుతున్నాను. చేల గట్ల మీద తెల్లగా, కొసన కాస్త గులాబీ చాయతో కంకుల్లాగా పూస్తుంది. బతుకమ్మకు దాన్ని కోసుకొచ్చి, సమంగా కత్తిరించి, కట్టలు కట్టి, కొసలు రంగు నీళ్లలో ముంచి ఆరబెడతారు. తంగేడు పసుపు పక్కన, బంతి నారింజ పక్కన, ఎర్ర గునుగు వరస ఒకటీ, పచ్చ గునుగు వరస ఒకటీ. రాత్రి దీపాల వెలుతురులో, దూరాన చెరువు కట్ట మీద నడిచేవారికి కూడా తెలియాలి గదా ఎవరి బతుకమ్మ ఎంత ఎత్తో!

అమ్మ చేతి బతుకమ్మకు మా వాడలో పేరు. ఆ సాయంత్రం గోడకు చేరగిలబడి తను చెప్పినది నేను రాసుకున్నాను. తీరా చూస్తే, ఫాండెంటుకు రంగు కలపడానికి కావలసిన సూత్రాలన్నీ అందులోనే వున్నాయి.

"రంగు తడి మీద చూడొద్దు బిడ్డా. ఆరినంక చూడాలె." ఫాండెంటుకూ అంతే. కలపగానే కనపడే రంగు అసలు రంగు కాదు. కొన్ని గంటలకు ముదురుతుంది. ఎరుపైతే తెల్లవారేసరికి మరీను. కాబట్టి కావలసిన దానికి ఒక మెట్టు తక్కువగా వుండగానే ఆపి, గాలి తగలకుండా చుట్టి రాత్రంతా వుంచాలి.

"ఒక్కసారే కలుపుకోవాలె. రెండోసారి కలిపితే అదే రంగు రాదు." అక్షరాలా నిజం. పువ్వులు ముప్పై కావాలంటే నలభైకి సరిపడా ముద్ద ఒకేసారి కలుపుకోవాలి.

"మొదలు పసుపుపచ్చ, ఆఖరుకు ఎరుపు." లేత రంగు ముందు కలిపితే చేతుల మరకలు అంటవు. చేతులకు తొడుగులు వేసుకోవడం ఇంకా మంచిది.

"తెలుపు పక్కన తెలుపు పెడితే కండ్లు గుర్తువట్టయి. పసుపు పక్కన ఎరుపు పెట్టు." దీనికి వ్యాఖ్యానం అవసరం లేదు.

ఈసారి అమ్మ మాట ప్రకారం చేశాం. పళ్లు కుట్టుకునే పుల్ల కొనతో జెల్ రంగు తీసి, మొదట నిమ్మకాయంత ముద్దలో ముదురుగా కలిపాను. తరువాత ఆ ముద్దను చిన్న చిన్న తునకలుగా తెల్లని పెద్ద ముద్దలో కలుపుతూ పోయాను. ఇలా చేస్తే రంగు మన అదుపులో వుంటుంది, పుల్లతో గుచ్చిన చారలు మిగలవు. వాడిన పుల్లను మళ్లీ సీసాలో ముంచకూడదు. చక్కెర పడి సీసా చెడుతుంది. ముద్ద చేతికి అంటుకుంటే చిటికెడు కార్న్‌ఫ్లోరు, పొడిబారి పగిలితే వేలికి కాస్త నెయ్యి. ఏ ముద్దతో పని లేకపోతే ఆ ముద్దను వెంటనే చుట్టి పెట్టెయ్యాలి. పది నిమిషాలు గాలికి వదిలితే పైన పొర కడుతుంది. రంగును ట్యూబులైటు కింద నమ్మవద్దు. వాకిట్లోకి తెచ్చి పగటి వెలుతురులో చూడండి.

తంగేడుకు పసుపు, బంతికి నారింజ మేము కలుపుకున్నాం. గునుగుకు ఎరుపు, కలిపి వున్నదే కొన్నాం. "పసుపే కలుపరాదు?" అని అమ్మ అంటే చిటికెడు వంట పసుపు కూడా వేసి చూశాం. రంగు బాగానే వచ్చింది గాని కేకుకు పోపు వాసన వచ్చింది!

పూలన్నీ సిద్ధమయ్యాక మా అమ్మాయికి ఉత్సాహం ఎక్కువైంది. కేకునే బతుకమ్మ ఆకారంలో, కింద వెడల్పుగా పైకి సన్నంగా చేద్దామన్నది. అమ్మ మొహం చిన్నబోయింది.

"బతుకమ్మను కత్తి పెట్టి కోస్తరా? నీళ్లల్ల సాగదోలుతం గాని కోస్తమా?"

ఇద్దరమూ నాలుక కరుచుకున్నాం. రంగులూ కొలతలూ చూశాం గాని ఆ మాట తట్టనే లేదు. చివరకు కేకును మామూలుగా గుండ్రంగానే చేసి, పూలను విడిగా తాంబాళంలో పరిచినట్లు పైన అమర్చి, కోసే ముందు తీసెయ్యాలని ఒప్పందం కుదిరింది. అలా తీయాలంటే పూలు గట్టిగా ఎండాలి. పావు కిలో ముద్దకు చిన్న చెంచాడు సి.ఎం.సి. అనే బంక పొడి కలిపితే, రెండు మూడు రోజులకు గలగలమనేట్లు ఆరుతాయి. పొట్లాల కొట్లలోనే ఆ పొడీ దొరుకుతుంది.

అటుకుల బతుకమ్మ నాడు సోమవారం. సెలవు పెట్టాను. పెరుగుతో చేసిన గుడ్డు లేని కేకు, చాక్లెటు పూత, దాని మీద తెల్లని దుప్పటి. కేకు అడ్డం ఎనిమిది అంగుళాలు, రెండు పక్కలా ఎత్తు నాలుగేసి, మొత్తం పదహారుకు ఒక అంగుళం కలిపి ఒత్తుకున్నాను. మందం మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించనివ్వలేదు. పైన పసుపు, నారింజ, ఎరుపు వరసలు.

అమ్మ కుర్చీలో కూర్చుంది. ఎవరూ ఏమీ చెప్పలేదు. అమ్మ వేలు ముందుకు చాపి, ముట్టకుండా, గాలిలోనే వరసలు లెక్కపెట్టింది. "ఇది తంగేడు. ఇది బంతి. గిదేమో గునుగు... జర ఎక్కువ ముంచిన్రు" అన్నది. పిల్ల పకపకా నవ్వింది. నాకు మాత్రం గొంతు పట్టుకుంది. పూలు తీసి పళ్లెంలో పెట్టి కేకు కోశాం. ఒక ముక్క నోట పెట్టుకుని అమ్మ, "పైదంతా చక్కెర పేర్ల లెక్క వున్నది" అన్నది. హోలీ పండుగకు పిల్లల మెడలో వేసే చక్కెర దండల రుచి! తాత కట్టిన పేరును ఒక్కొక్క బిళ్లే కొరుకుతూ మూడు రోజులు దాచుకున్న కథ ఆ పూట మళ్లీ విన్నాం.

నవంబరులో అమ్మకు ఒక కంటికి ఆపరేషను అయింది. పట్టీ తీసిన వారానికి నేను బీరువా సర్దుతుంటే డబ్బా ఒకటి కింద పడి మూత వూడింది. మొదటి ఆదివారం నాటి ఊదా పూలు. చక్కెర గనుక చెడలేదు. చీకట్లో వున్నాయి గనుక వెలవలేదు కూడా. ఎండకు పెడితే ఊదాలోని ఎరుపు ముందు పోయి ఉత్త నీలం మిగిలేది.

అమ్మ వంగి ఒక పువ్వు ఏరి, కిటికీ దగ్గరికి తీసుకుపోయి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"గీ ఊదా పూలు ఎప్పుడు చేసిన్రే? నాకు సూపియ్యనే లేదు" అన్నది.